పక్కవాడి చిట్టా

మైసయ్య ఇంట్లో ఒక్క ఈడు మగపిల్లలు ఇద్దరు పెరిగారు. ఒకడు ఆయన కన్నకొడుకు పర్వతాలు. ఇంకొకడు చెల్లెలు హనుమమ్మ కొడుకు జానయ్య. కలరా గత్తర వచ్చిన ఏడు హనుమమ్మ పెనిమిటి పోతే, పాలు మరవని పిల్లవాణ్ణి చంకనేసుకుని ఆమె అన్న ఇంటికి వచ్చేసింది. హుజూర్‌నగర్‌కు రెండు కోసుల దూరంలో ఉన్న ఊరు వాళ్లది. గొర్లకాపరుల ఇల్లు. నూరుదాకా జీవాలు, ఆరెకరాల మెట్ట చెలక. ఇంట్లో తిండికి తక్కువ లేదు. తక్కువ ఉన్నదల్లా పర్వతాలు మనసులోనే.

మైసయ్య చెడ్డ తండ్రి కాడు. తండ్రి లేని పిల్లవాడన్న జాలికొద్దీ ప్రతిదీ ముందు జానయ్యకు పెట్టేవాడు. పొట్టేలు కోస్తే కార్జం ముక్క ముందు వాడికి. జాతరకు పోతే భుజమ్మీద వాడు, వేలు పట్టుకుని నడిచేది పర్వతాలు. "నీకు బాపున్నడు బిడ్డా, వానికెవరున్నరు?" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పర్వతాలుకు ఒకటే అనిపించేది. ఉన్న బాపు కూడా వాడికే పోతున్నాడు గదా, ఇక నాకెవరున్నారు?

జానయ్యకు ఇదేమీ తెలియదు. నాలుగు నెలలు చిన్నవాడు కాబట్టి "బావా, బావా" అంటూ వెంట తిరిగేవాడు. వాడు చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికి ఒక సాకు దొరికేది. అదీ దొరకలేదు.

అయిదో తరగతి అయ్యాక అసలు గాయం తగిలింది. నల్లగొండలో ఒక మిషను హాస్టలులో తండ్రి లేని పిల్లలకు తిండి, బట్ట, చదువు ఊరికే ఇస్తారని ఎవరో చెప్పారు. మైసయ్య జానయ్యను తీసుకుపోయి అక్కడ చేర్పించి వచ్చాడు. పర్వతాలు మాత్రం రోజూ రెండు కోసులు నడిచి హుజూర్‌నగర్ బడికి పోయాడు. వేసవి సెలవులకు జానయ్య ఇస్త్రీ అంగీ తొడుక్కుని వచ్చి, మంచినీళ్లు కావాలని ఇంగ్లీషులో అడిగితే, పర్వతాలు తల్లి సోమమ్మ ముక్కు మీద వేలేసుకుని మురిసిపోయింది. "ఓరి నా కొడుకా! దొరల మాటలు మాట్లాడుతున్నవురా!"

ఆ ఏడే పర్వతాలుకు లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. పంతులు ఆ నూరు చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టి ఇచ్చిన కాగితం తండ్రికి చూపించాడు. చదువురాని మైసయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి, "మంచిగనే ఉన్నట్టున్నది బిడ్డా, జానయ్యకు చూపిచ్చినవా?" అన్నాడు. పర్వతాలు చూపించలేదు. చూరులో దోపేశాడు.

లెక్కలు అతనికి పుట్టుకతో వచ్చినట్టే వచ్చాయి. ఇంగ్లీషు రాలేదు. హుజూర్‌నగర్ బడిలో రెండేళ్లు ఇంగ్లీషు పంతులే లేడు. వచ్చిన పంతులు వచ్చిన నెలకే బదిలీ పెట్టుకుని పోయాడు. అయినా ముక్కీ మూలిగీ జానయ్యతోపాటే మెట్రిక్ గట్టెక్కాడు. తర్వాత తాలూకా కచ్చేరిలో నకళ్లు రాసే తాత్కాలిక గుమాస్తా పని దొరికింది. జానయ్య పక్క ఊరి బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించే పనికి కుదిరాడు. పర్వతాలుకు యాదలక్ష్మితో పెళ్లయింది. నాలుగో తరగతిదాకా చదివిన పిల్ల. మందను తోలుకుపోవడంలో మామను మించిపోయింది.

అది అరవై నాలుగో సంవత్సరం. సాగర్ కాలువ తవ్వకం ఊరి పొలిమేరల దాకా వచ్చింది. నీళ్లు వస్తే వరి పండుతుందని, వరితోపాటు తమకూ పని పెరుగుతుందని బ్యాంకులు అప్పటికే అటు చూడడం మొదలుపెట్టాయి. ఒక బ్యాంకు గుమాస్తాల కోసం పరీక్ష పెడుతున్నదని పత్రికలో ప్రకటన పడింది. దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుని తెచ్చింది జానయ్యే.

"బావా, ఇద్దరం రాద్దం. పర్మినెంటు నౌకరి. ఇంకా నలభై ఎనిమిది దినాలున్నయి."

ఆ మాటకు పర్వతాలు గుండెలో సంతోషం, మంట ఒక్కసారే లేచాయి. ఈ దారి కూడా వాడే చూపించాలా అనిపించింది. తలమాత్రం ఊపాడు.

ఇద్దరూ జీతం లేని సెలవు పెట్టారు. మైసయ్య రెండు పొట్టేళ్లను సంతకు తోలి, ఆ పైసలతో ఇద్దరినీ చదువుకోవడానికి నల్లగొండ పంపాడు. గుట్ట కింద అమృతమ్మ అనే ముసలామె ఇంట్లో ఒక అర్ర కిరాయికి దొరికింది. రెండు చాపలు, ఒక కిరసనాయిలు పొయ్యి, ఇంటినుంచి తెచ్చిన జొన్నపిండి, చింతకాయ తొక్కు. పుస్తకాలు మూడు: అయిదు వందల పేజీల పాత లెక్కల పుస్తకం, ఇంగ్లీషు వ్యాకరణం, జనరల్ నాలెడ్జి పేరుతో అట్ట చినిగిన చిన్న పుస్తకం. మూడింటినీ ఇద్దరూ పంచుకోవాలి.

పర్వతాలు మొదటి రోజు పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, లెక్కల పుస్తకం మొదటి పేజీ తెరిచాడు. ఒక్క లెక్క కూడా వదలకుండా ఆఖరి పేజీ దాకా పోవాలని ఒట్టు పెట్టుకున్నాడు. కూడికలు, గుణకారాలు, భిన్నాలు. అణాలు పోయి నయాపైసలు వచ్చి ఏడేళ్లయినా ఆ పుస్తకంలో ఇంకా అణాలే, సేర్లే, తులాలే. వాటినీ వదల్లేదు. వచ్చిన లెక్క చేస్తూ ఉంటే చేతికి సుఖంగా ఉంటుంది. పేజీలు తిరిగిపోతుంటే ఏదో సాధిస్తున్నట్టు ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాన్ని మాత్రం జానయ్య చాప వైపు జరిపేసేవాడు. "ముందు లెక్కలు కానియ్, తర్వాత చూద్దాం" అనుకునేవాడు.

జానయ్య తీరు వేరు. మొదటి మూడు రోజులు వాడు ఏమీ చదవలేదు. ప్రతి అధ్యాయం నుంచి రెండేసి లెక్కలు, వ్యాకరణం నుంచి ఒక్కో అభ్యాసం, జనరల్ నాలెడ్జి నుంచి ఇరవై ప్రశ్నలు తీసుకుని చేసుకున్నాడు. ఎక్కడ తప్పాడో చూసుకున్నాడు. నాలుగో రోజు ఒక కాగితం మీద ఏదో రాసుకుని, మడిచి, ఇంగ్లీషు పుస్తకంలో పెట్టుకున్నాడు. ఈ మూడు రోజుల్లో తాను నలభై పేజీలు దాటినందుకు పర్వతాలు లోలోపల నవ్వుకున్నాడు.

ఆ వీధిలోనే రామచంద్రం అనే ఆయన ఉండేవాడు. హాస్టల్లో జానయ్యకంటే మూడు తరగతులు పైన చదివి, ఇప్పుడు నల్లగొండలో బ్యాంకు గుమాస్తాగా ఉన్నాడు. జానయ్య ఒకరోజు ఆయనతో గంటసేపు కూర్చుని వచ్చి చెప్పాడు.

"బావా, రామచంద్రమన్న ఒక ముచ్చట చెప్పిండు. మూడు పేపర్లు దేనికదే గట్టెక్కాలెనట. ఒకదాంట్ల నూటికి నూరొచ్చినా ఇంకోదాంట్ల తప్పితే పేరు తీసేస్తరట."

"గంతేనా చెప్పింది?"

"గంతే."

పర్వతాలు నమ్మలేదు. బ్యాంకులో పనిచేసేవాడు ఇంత చిన్న మాట చెప్పడానికి గంటసేపు కూర్చోబెడతాడా? ఇంకేదో చెప్పి ఉంటాడు. జానయ్య దాస్తున్నాడు. అలా అనుకోగానే మనసుకు వింతైన ఊరట కలిగింది. చిన్నప్పటినుంచి దొరకని సాకు ఇన్నాళ్లకు దొరికింది.

మర్నాడు మధ్యాహ్నం జానయ్య లెక్కల పుస్తకం పట్టుకుని దగ్గర కూర్చున్నాడు. "బావా, గీ లెక్క జర చూడు. ఆరుగురు మనుషులు ఒక బాయిని పన్నెండు రోజులల్ల తవ్వుతరు. నాలుగు రోజులైనంక ఇద్దరు ఎల్లిపోయిండ్రు. మిగిలిన పని మిగిలినోళ్లు ఎన్ని రోజులల్ల చేస్తరు? నాకు ఎన్నిసార్లు చేసినా ఎనిమిదే వస్తాంది."

ప్రశ్న సగంలో ఉండగానే పర్వతాలు మనసులో జవాబు పడిపోయింది. పన్నెండు రోజులు. డెబ్బై రెండులోంచి ఇరవై నాలుగు పోతే నలభై ఎనిమిది, నలుగురికి పన్నెండు. నోరు తెరిస్తే అరనిమిషం పని. నోరు తెరిచాడు కూడా.

"గీ కాలం-పని లెక్కలు నాకూ గజిబిజేరా" అన్నాడు.

జానయ్య ఆశ్చర్యంగా చూశాడు. "నీకు గూడనా?"

"ఆఁ. నాకు గూడ."

ఆ రోజునుంచి జానయ్య రోజూ సాయంత్రం రామచంద్రం ఇంటికి లెక్కలు నేర్చుకోవడానికి పోసాగాడు. వాడు పోయిన ప్రతిసారీ పర్వతాలు అనుమానం ఒక్కో అంగుళం పెరిగింది. తన అబద్ధమే వాణ్ణి అక్కడికి తరిమిందని అతనికి తట్టలేదు. ఓర్వలేనితనం పట్టినవాడికి తన పాదముద్రలు కనిపించవు.

ఇరవై రెండో రోజు జానయ్య బావి దగ్గర స్నానానికి పోయినప్పుడు పర్వతాలు ఇంగ్లీషు పుస్తకం తీసి ఆ కాగితం విప్పాడు. జానయ్య ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. మొట్టమొదట కాలం-పని, రైళ్లు, నీటితొట్టి, భాగస్వామ్యం. వీటి ఎదురుగా 'రోజూ' అని ఉంది. వాటి కింద కొత్త తూకాలు, జనరల్ నాలెడ్జి. ఎదురుగా 'దినం తప్పి దినం'. అన్నిటికంటే అడుగున ప్రెసీ, ఉత్తరం, వ్యాసం. ఎదురుగా 'ఆదివారం, ఒక పూట'.

పర్వతాలు మళ్లీ చదివాడు. ప్రెసీ అంటే ఇంగ్లీషులో ఇచ్చిన పెద్ద పేరాను మూడోవంతుకు కుదించి రాయడం. అతనికి పీడకలల్లో వచ్చేది అదే. దానికి వారానికి ఒక్క పూటా? అంటే ఇంగ్లీషు పేపరు నామమాత్రమే అన్నమాట. లోపలి సంగతి రామచంద్రం చెప్పాడు, వీడు రాసుకున్నాడు, నాకు దాచాడు!

పత్రిక అంచు చింపి దానిమీద ఆ చిట్టా అంతా ఎక్కించుకున్నాడు. కాగితాన్ని ఎట్లా ఉన్నదాన్ని అట్లా మడిచి పెట్టేశాడు. జానయ్య తడి తలతో లోపలికి వచ్చేసరికి రైళ్ల లెక్కలు చేస్తూ కూర్చున్నాడు. ఆ రోజు జొన్నరొట్టె రెండు ఎక్కువ తిన్నాడు.

మిగిలిన ఇరవై ఆరు రోజులూ పర్వతాలు ఆ చిట్టా ప్రకారమే నడిచాడు. కాలం-పని రోజూ చేశాడు. నీటితొట్టిలో గొట్టాలు తెరిచాడు, మూశాడు. అన్నీ అతనికి ముందే వచ్చు. వచ్చినవే మళ్లీ మళ్లీ చేశాడు. చేసేకొద్దీ ధీమా పెరిగింది. ఆదివారం పూట కూడా ప్రెసీ జోలికి పోలేదు. ఒక పూటకోసం అంత బాధ ఎందుకు?

పరీక్ష హైదరాబాదులో ఒక కాలేజీ హాలులో జరిగింది. పొద్దున ఇంగ్లీషు. పేపరు చేతికి రాగానే పర్వతాలు దేనికెన్ని మార్కులో వెతికాడు. సగం మార్కులు ప్రెసీకే. తర్వాత బ్రాంచి చూసే బ్యాంకు ఏజెంటుకు రాయవలసిన ఉత్తరం, ఒక వ్యాసం. పేరా మూడుసార్లు చదివాడు. ఓడలు, రేవులు, వర్తకం అన్న మాటలు విడివిడిగా తెలుస్తున్నాయి, కలిపితే ఏమీ తెలియడం లేదు. రెండు వరుసల ముందు జానయ్య వీపు కనిపిస్తోంది. వాడి మోచేయి ఆగకుండా కదులుతోంది. ఆ మోచేతిని చూస్తూనే పర్వతాలు పావుగంట పోగొట్టుకున్నాడు. వ్యాసం రాయనే లేదు.

మధ్యాహ్నం జనరల్ నాలెడ్జి ఎట్లాగో గడిచిపోయింది. ఆ తర్వాత లెక్కల పేపరులో కాలం-పని నాలుగు వచ్చాయి. గంటా పది నిమిషాల్లో పేపరంతా పూర్తి చేసి తల ఎత్తాడు. జానయ్య జుట్టులో వేళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆ దృశ్యం చూసి పర్వతాలుకు ఎంత హాయి కలిగిందంటే, పొద్దుటి సంగతి కాసేపు మరిచిపోయాడు. తిరుగు బస్సులో తనే గొప్పగా చెప్పాడు. "నాలుగు లెక్కలూ చేసిన. ఒక్కటి తప్పు పోదు."

జానయ్య అతని మొహంలోకి ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగాడు.

ఫలితాలు ఆషాఢంలో వచ్చాయి. జానయ్యకు పొడుగాటి కవరు వచ్చింది. పర్వతాలుకు చిన్న కవరు. విచారిస్తున్నామని ఇంగ్లీషులో రెండు వరుసలు ఉన్నాయి. ఆ రెండు వరుసలూ అతనికి బాగానే అర్థమయ్యాయి.

ఇంట్లో హనుమమ్మ సంతోషంతో ఏడ్చింది, సోమమ్మ నవ్వింది, మైసయ్య ఊరంతా తిరిగి చెప్పి వచ్చాడు. పర్వతాలు దొడ్డిలోకి పోయి గొర్రెల మధ్య కూర్చున్నాడు. అక్కడ యాదలక్ష్మి గిట్టలు చెడిన గొర్రెను ఒడిసిపట్టుకుని వేపనూనె రాస్తోంది. జానయ్య వెతుక్కుంటూ వచ్చాడు.

"బావా, మల్ల గూడ పెడ్తరట. ఫికర్ చెయ్యకు..."

"నాకు నీతులు చెప్పకు!" పర్వతాలు లేచాడు. "నీకు పేపరు ముందే దెల్సు. గా రామచంద్రం చెప్పిండు. నువ్వు నాతోని దాసినవ్. ఇంగ్లీషు వారానికి ఒక్క పూట చాలని రాసుకున్నవ్, నేను సూసిన! అక్కడేమో సగం పేపరు ప్రెసీనే!"

జానయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "నా కాగితం సూసినవా?"

"సూసిన. ఎక్కిచ్చుకున్న. అట్లనే సదివిన. అయితే ఏంది?"

"బావా, అది వచ్చే ప్రశ్నల చిట్టా గాదు. నాకు రానివాటి చిట్టా. మూడు దినాలు నన్ను నేను చూసుకోని రాసుకున్న. లెక్కలు నాకు రావు, అందుకే పైన పెట్టుకున్న. ఇంగ్లీషు హాస్టల్ల తిని పండినట్టు నేర్చిన, అందుకే ఆఖర్న పెట్టిన. అడిగితే నీకూ రాసి ఇద్దును గదనే. నువ్వు సూడాల్సింది నీకు రానిది గాని, నాకు రానిది గాదు."

పర్వతాలు గొర్రెల వైపు తిరిగాడు.

"ఇంకోటి బావా. కాలం-పని నీకు గజిబిజి అన్నవ్. నాలుగూ చేసిన అని బస్సుల నువ్వే చెప్పినవ్."

గొర్రె ఒకటి అరిచింది. పర్వతాలు నేల చూపులు చూశాడు. జానయ్య తలుపు తడిక మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

యాదలక్ష్మి అంతా విన్నది. గొర్రె కాలు వదలకుండానే అన్నది: "మందల అన్నిటికీ ఒక్క తీరు మందేస్తమా? కుంటేదాన్ని పట్టుకోని, దాని కాలు చూసి వేస్తం. నువ్వు మంచిగ నడిచే కాలుకే నూనె రాసుకుంట కూసున్నవ్."

"నువ్వూ వాని దిక్కే!"

"నేను ఎవరి దిక్కూ గాదు. నీ పెండ్లాన్ని. గందుకే చెప్తున్న."

అతను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

జానయ్యకు నారాయణపేటలో నౌకరి ఇచ్చారు. మొదటి జీతంతో తల్లికీ, అత్తకూ, యాదలక్ష్మికీ మూడు నారాయణపేట చీరలు పంపాడు, మైసయ్యకు పంచె, పర్వతాలుకు అంగీ గుడ్డ. ఆ గుడ్డను పర్వతాలు కుట్టించుకోలేదు, పెట్టె అడుగున పడేశాడు. యాదలక్ష్మిని ఆ చీర కట్టవద్దన్నాడు. ఆమె మర్నాడే కట్టుకుని మంద వెంట పోయింది. "మా అన్న పెట్టిన చీర. నీ కడుపుమంటకు నేనెందుకు చినిగింది కట్టుకోవాలె?" అన్నది.

ఆ ఏడాది చివర్లో తాలూకా కచ్చేరిలో తాత్కాలిక గుమాస్తాలను తీసేశారు. పర్వతాలు కర్ర పట్టుకుని మంద వెంట నడిచాడు. కాలువ కట్టమీద జీపుల్లో పోయే ఇంజనీర్లను చూసినా, ఇస్త్రీ అంగీ వేసుకున్న ఎవరిని చూసినా జానయ్యే గుర్తొచ్చేవాడు. ఊళ్లో ఎవరైనా "మీ జానయ్య ఎట్లున్నడు?" అని అడిగితే "ఉన్నడు" అని అటు తిరిగేవాడు.

అరవై ఆరులో మళ్లీ ప్రకటన పడింది. వయసు ఇరవై అయిదు దాటకూడదు. పర్వతాలుకు ఇదే ఆఖరు. ఈసారి ప్రకటనను సంతలో మిర్చి బజ్జీలు చుట్టి ఇచ్చిన పత్రికలో యాదలక్ష్మి చూసింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, నూనె మరకతో సహా తెచ్చి అతని ముందు పెట్టింది.

"నాకు రాదు" అన్నాడు పర్వతాలు.

"ఏది రాదో గది చెప్పు. అన్నీ రావా?"

ఆ మాట మీద అతను ఒక రోజంతా చెట్టు కింద కూర్చున్నాడు. జానయ్య చేసినట్టే ప్రతిదాంట్లో కొంచెం కొంచెం చేసి చూసుకున్నాడు. లెక్కల్లో ఒక్కటీ తప్పలేదు. జనరల్ నాలెడ్జిలో ఇరవైకి పదకొండు. ప్రెసీ రాయబోతే నాలుగు వాక్యాలు వచ్చాయి. అందులో మూడు పేరాలోంచి ఎత్తి రాసినవే. తనకు రానిది ఏదో తన చేత్తోనే రాసుకోవడం అంత కష్టమని అతనికి అప్పటిదాకా తెలియదు. చివరికి రాశాడు. ప్రెసీ రోజూ పొద్దున, మనసు తేటగా ఉన్నప్పుడు. ఉత్తరాలు, వ్యాసం దాని వెనుక. జనరల్ నాలెడ్జి మంద మేసే వేళ. లెక్కలు ఆదివారం ఒక పూట, చేయి మరవకుండా. అణాలూ తులాలూ పూర్తిగా వదిలేశాడు. అవి వదలడం మటుకు ప్రాణం మీదికి వచ్చినట్టయింది.

అయితే రాసిన ఇంగ్లీషు ఎవరు దిద్దుతారు? హుజూర్‌నగర్‌లో ఒకరిద్దరు ప్లీడర్లు ఉన్నారు. వాళ్ల గుమ్మం ఎక్కే ధైర్యం లేదు. తెలిసినవాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాడు ఒక్కడే. ఆ పేరు రాయడానికి నాలుగు కార్డులు చింపాడు. అయిదో దానికి బదులు కవరే కొని, ప్రెసీ రాసిన కాగితం పెట్టి, పైన రెండు ముక్కలు రాశాడు. 'జానయ్యకు. ఇది దిద్ది పంపు. పర్వతాలు.' క్షేమం అని కూడా రాయలేదు.

ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. కాగితం నిండా ఎర్రసిరా. పర్వతాలు లెక్కపెట్టాడు, నలభై ఒక్క చోట్ల దిద్దాడు. ఒంటికి కారం రాసినట్టయింది. అడుగున తెలుగులో ఉంది: 'బావా, పేరా రెండుసార్లు చదువు. తర్వాత పుస్తకం మూసి, అందులో ఏమున్నదో మన మాటల్లో ఎవరికైనా చెప్పు. చెప్పినదాన్నే ఇంగ్లీషులో రాయి.' పాత సంగతుల ఊసు ఒక్కటీ లేదు. అది ఉన్నా బాగుండేది అనిపించింది పర్వతాలుకు. కోపం తెచ్చుకోవడానికి పనికొచ్చేది.

ఎవరికైనా చెప్పాలంటే ఉన్నది యాదలక్ష్మే. పొద్దున పాలు పిండుతూ ఆమె వినేది. అతను పేరాలో ఉన్నదంతా చెప్పుకుపోయేవాడు.

"అయితే ఏందట?" అనేది ఆమె.

"అయితే... రేవులు మంచిగుంటే బేరం మంచిగుంటదట."

"గంతేనా? దానికి గన్ని మాటలా?"

ఆమె 'అయితే ఏందట' అన్నప్పుడు తన నోట వచ్చేదే ప్రెసీ అని కొన్నాళ్లకు అతనికి అర్థమైంది. వారానికి ఒకటి నారాయణపేట పోయింది, వారానికి ఒకటి ఎర్రబడి తిరిగొచ్చింది. ముప్పై రెండు. ఇరవై ఏడు. మధ్యలో ఒకసారి ముప్పై తొమ్మిది, ఆ రోజు అన్నం ముట్టలేదు. జానయ్యకు ఎర్రసిరా ముట్టుకునే అవకాశం లేకుండా ఒక్క కాగితమైనా పంపాలన్న కసి పట్టింది. నిజం చెప్పాలంటే, ఉద్యోగం మీద ఆశ అతన్ని పొద్దున్నే లేపలేదు. ఆ కసి లేపింది. పరీక్షకు పోయే ముందువారం వచ్చిన కాగితంలో దిద్దుబాట్లు నాలుగే ఉన్నాయి.

ఈసారి హాలులో ముందు వరుసల వైపు చూడలేదు. చూడడానికి అక్కడ ఎవరూ లేరు. ప్రెసీ పేరా ఏదో అడవుల గురించి. చదివి, పేపరు మూసి, 'అయితే ఏందట?' అని తనను తానే అడిగి, రాయడం మొదలుపెట్టాడు.

పొడుగాటి కవరు వచ్చింది. మహబూబ్‌నగర్‌లో చేరమన్నారు.

బస్సు దిగేసరికి స్టాండులో జానయ్య ఉన్నాడు. సెలవు పెట్టి నారాయణపేటనుంచి వచ్చాడు. ప్యాంటు వేసుకున్నవాడు బస్సు మీదినుంచి పెట్టె దించి తలమీద పెట్టుకుంటే జనం వింతగా చూశారు. "చెల్లె, మూట ఇటియ్యి" అని యాదలక్ష్మి చేతిలోదీ అందుకున్నాడు. కిరాయికి చూసి పెట్టిన ఇంటికి ముగ్గురూ నడిచారు. ఆమె పొయ్యి సర్దుతుంటే ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

పర్వతాలు అరుగు మీది మట్టిని వేలితో గీశాడు. "జానయ్యా. గా నల్లగొండల, గా బాయి తవ్వే లెక్క..."

"పోనియ్ బావా."

"పోనియ్యను. నాకు వచ్చు. చెప్పబుద్ధి గాలే. చిన్నప్పటిసంది నిన్ను చూస్తే నాకు కండ్లమంట. అన్నీ ముందు నీకే పెడ్తుండె బాపు."

జానయ్య నవ్వలేక నవ్వాడు. "నాకు నిన్ను చూస్తే గంతకు రెండింతల మంట ఉండె. నీకు యాదికున్నదా, మనిద్దరం గొర్రెపిల్లను బాయిల పడేస్తే మామ నిన్ను కర్ర ఇరిగేదాక కొట్టిండు. నన్ను ఒక్క దెబ్బ కొట్టలే. 'నువ్వు పో బిడ్డా' అన్నడు. గా దినం నేను గడ్డివాము ఎనక పడి ఏడ్సిన. సొంత కొడుకైతే కొట్టెటోడు గద అని."

ఇలాంటిది ఒకటి ఉంటుందని పర్వతాలు ఎన్నడూ అనుకోలేదు. ఆ దెబ్బల మచ్చ ఒకటి అతని మోకాలి కింద ఇంకా ఉంది. దాన్ని చూసి ఓర్వలేనివాడు ఇంకొకడు ఉన్నాడు. లోపలినుంచి యాదలక్ష్మి రొట్టె తినడానికి పిలిచింది. ఇద్దరూ లేచారు.

దాంతో పర్వతాలు మనసు కడిగిన ముత్యమైందని చెప్తే అబద్ధం. మూడేళ్ల తర్వాత జానయ్యకు పైమెట్టు ఇచ్చి హైదరాబాదు బదిలీ చేశారని తెలిసినప్పుడు అతను రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. బ్యాంకులో తన కౌంటరు ముందు నిలబడ్డ రైతును ఊరికే కసిరాడు. మూడో రోజు పొద్దున్నే లేచి తనే బజారుకు పోయి, జానయ్యకు ఇష్టమని అరకిలో జిలేబి కట్టించి, నారాయణపేట బస్సు ఎక్కాడు. సామాను కట్టడానికి వాడికి ఇంకో చెయ్యి కావాలి గదా అని అనుకున్నాడు.